భాగీరథమ్మకు రెండు నిమిషాల మౌనం

ఆ శుక్రవారం పొద్దున మోహన్‌కుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ తినడం, ఎనిమిదింటికి కాడుగోడిలో ఇల్లు వదలడం, పదకొండింటికి వైట్‌ఫీల్డ్ హోటల్లో కంపెనీ సదస్సులో ఒక కథ చెప్పడం, సాయంత్రానికి దక్షిణ విభాగం అధిపతి అయిపోవడం. ఇందులో ఇడ్లీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

వాళ్ళ కంపెనీ ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో టోకెన్ నంబర్లిచ్చే యంత్రాలు తయారుచేస్తుంది. నిరుడు ఇదే సదస్సులో మోహన్‌కుమార్ అరవై నాలుగు స్లైడ్లు చూపించాడు. నలభయ్యో స్లైడు దగ్గర ఎండీ భుజంగరావుగారు ముందు వరుసలోనే గురక పెట్టారు. ఈ ఏడాది అధిపతి పదవికి పోటీ ఇతనికీ, శ్రీకాంత్ అనే సహోద్యోగికీ. ఎవరి ప్రసంగానికి సభ కదిలితే వారికే పదవి అని భుజంగరావుగారు తేల్చేశారు. యంత్రాలు ఎవరు ఎక్కువ అమ్మారన్న చిల్లర విషయం ఎవరూ ఎత్తలేదు.

ప్రసంగాలు నేర్పడానికి అక్షర అనే శిక్షకురాలిని పెట్టారు. ఆమె వస్తూనే స్లైడ్లన్నీ తీసేయించింది. సొంత కథే చెప్పాలి, అందులో బాధ ఉండాలి, బాధ వచ్చిన చోట ఆగి మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టాలి అంది. మోహన్‌కుమార్ రెండు వారాలు బాధ కోసం వెతికాడు. ఇంట్లోవాళ్ళు వేళకు తిండి పెట్టారు, వేళకు ఫీజు కట్టారు, వేళకు పెళ్ళి చేశారు. ఇంత నిర్లక్ష్యంగా పెంచినందుకు వాళ్ళ మీద అతనికి ఒళ్ళు మండింది. చివరికి తనే ఒకటి అల్లుకున్నాడు. తన చిన్నప్పుడు అమ్మ జ్వరంతో ప్రభుత్వాసుపత్రి లైన్లో పొద్దుటి నుంచి నిలబడింది, తీరా ఆమె వంతు వచ్చేసరికి కిటికీ మూసేశారు, ఆ రోజే ఇతను లైన్ల మీద పగబట్టాడు. అక్షర కళ్ళు ఒత్తుకుని బ్రహ్మాండం అంది. ఇంట్లో నిక్షేపంగా ఉన్న అమ్మకి ఒక మాట చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

సదస్సులో మొదట శ్రీకాంత్ మాట్లాడాడు. కొండెక్కుతూ కాలు బెణికిన కథ చెప్పి, అందులోంచి నాయకత్వ లక్షణాలు ఏడు తీశాడు. రెండో లక్షణానికే జనం ఫోన్లలోకి దిగిపోయారు. మోహన్‌కుమార్ ధైర్యంగా వేదికెక్కాడు. అమ్మ, జ్వరం, ఎనిమిది గంటల లైను, అన్నీ వరసగా వచ్చాయి. "ఇంక రెండే అడుగులు. మా అమ్మ చెయ్యి చాపింది. అప్పుడు..." అని ఆగి, మనసులో లెక్క మొదలుపెట్టాడు.

అయిదు అయిపోయింది. తర్వాత రావలసిన కిటికీ రాలేదు. రెండు వందల మంది మొహాలు చూసేసరికి కిటికీ అన్న మాటే బుర్రలోంచి ఎగిరిపోయింది. ఇరవై దాకా లెక్కపెట్టి, గుక్కెడు మంచినీళ్ళు తాగాడు. అవి పొలమారి, దగ్గు వచ్చి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అమ్మకాల విభాగంలో పనిచేసే ఫాతిమా మొదట వెక్కింది. ఆమెను చూసి ఆ వరుసంతా కర్చీఫులు తీసింది.

భుజంగరావుగారు చివ్వున లేచారు. ఏ సభలోనైనా మౌనం పాటించే అవకాశం వస్తే ఆయన వదలరు. అందరినీ నిలబడమని, ఆ తల్లి ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం అని మైకులో చెప్పారు.

నిజం చెప్పడానికి మోహన్‌కుమార్ నోరు తెరిచాడు. అప్పుడే శ్రీకాంత్ మొహం కనిపించింది. అందులో నెత్తురు చుక్క లేదు. ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. పదవి అతనికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. రెండు నిమిషాలే కదా, అయ్యాక చెబుదాం అనుకుని, అతనూ తల వంచి వాళ్ళమ్మ ఆత్మశాంతికి నిలబడ్డాడు. అయ్యాక భుజంగరావుగారు వచ్చి గట్టిగా కావలించుకున్నారు.

"ఇంత బాధ కడుపులో పెట్టుకుని మాకు స్లైడ్లు చూపించావటయ్యా?"

ఇంక ఏం చెబుతాడు?

హెచ్ఆర్ సహన చురుకైన మనిషి. పది నిమిషాల్లో అతని ఫేస్‌బుక్ నుంచి అమ్మ ఫోటో తీసి, దండ గీయించి, తెర మీద వేయించింది. తెర ముందు దీపం పెట్టించింది. అతని పేరున మూడు రోజుల సంతాప సెలవు రాసేసింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరదలా వచ్చాయి. అంతటితో ఆగక, సంతాపం కార్డుతో గులాబీల దండ ఒకటి కాడుగోడి ఇంటికి పంపింది. ఎన్నడూ లేనిది ఆ రోజు దారిలో ట్రాఫిక్ లేదు.

దండ తెచ్చినతనికి తలుపు తీసింది ఆ అమ్మే, భాగీరథమ్మ. ఆమె అప్పటిదాకా కూరకని నానబెట్టిన అనపగింజల్ని తొక్క ఊడేలా పితుకుతోంది. కోడలు నేత్రావతి కార్డు మీద అత్తగారి పేరు చదివి, అలాగే కూర్చుండిపోయింది. కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పంపినవాళ్ళ హోటల్ పేరు కార్డు మీదే ఉంది. భాగీరథమ్మ చేతులు కడుక్కుని, దండ పెట్టెను చంకన పెట్టుకుని, కోడల్ని లేవదీసి ఆటో ఎక్కింది.

ఆమె హాల్లో అడుగుపెట్టేసరికి భుజంగరావుగారు పదవి మోహన్‌కుమార్‌కే అని ప్రకటించి, మారతహళ్ళి ఆఫీసులో శిక్షణ గదికి భాగీరథమ్మ స్మారక మందిరం అని పేరు పెడుతున్నారు. చప్పట్లు వెనక వరుసల్లోంచి ఆగిపోతూ వచ్చాయి. ఫాతిమా తెర మీది మనిషిని, నడిచొస్తున్న మనిషిని మార్చిమార్చి చూసి, ఏడ్చిందంతా వృథా అయినందుకు మొహం గంటు పెట్టుకుంది. భాగీరథమ్మ తిన్నగా దీపం దగ్గరికి వెళ్ళింది.

"ఎవురప్పా ఇది పెట్టింది? నూనె సాల్లేదు."

భుజంగరావుగారు వణుకుతూ జరిగిందంతా చెప్పారు. మోహన్‌కుమార్‌కి సిగ్గుతో తల పైకి లేవలేదు. కన్నతల్లిని పదవి కోసం చంపుకున్నానని ఆ క్షణంలో అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఇప్పుడెవరూ కర్చీఫు తీయలేదు. భాగీరథమ్మ మైకు అందుకుంది.

"నన్ను సంపినావు, పోనీలే. లైన్లో నిలబడి సచ్చినానని సెప్పినావే, అది నేను ఒప్పుకోను. నేను ఎప్పుడన్నా లైన్లో నిలబడినానా?"

తర్వాత ఆమె సభ వైపు తిరిగింది. రేషన్ అంగడి లైన్లో ఒక చెప్పు, ఆస్పత్రి లైన్లో రెండో చెప్పు, గ్యాసు లైన్లో సంచి పెట్టి, ఇంటికెళ్ళి సంగటి చేసుకుని, సరిగ్గా తన వంతుకు వచ్చేదాన్నని చెప్పింది. తన చెప్పు జరిపినవాళ్ళకి ఏం జరిగిందో కూడా చెప్పింది. హాలు పగలబడి నవ్వింది.

"ఒగసారి సీమెనూనె లైన్లో పెట్టేదానికి సెప్పు లేకుండా పోయింది. వీణ్ణి నిలబెట్టినా. ఇంటికొచ్చి మరిసిపోయినా. పొద్దు గూకేదాకా ఏడ్సుకుంటా ఆడే ఉండాడు పాపం, ఆరేండ్లోడు."

మోహన్‌కుమార్ రెండు వారాలు వెతికిన బాధ అదే. అది అతనికి తప్ప హాలు మొత్తానికీ నవ్వొచ్చింది.

నలభై నిమిషాలు ఎవరూ ఫోన్ ముట్టలేదు. భుజంగరావుగారు కళ్ళు తుడుచుకుని, శిక్షణ గది పేరులోంచి స్మారక అన్న మాట కొట్టేసి, వచ్చే ఏడాది ముఖ్యవక్త భాగీరథమ్మగారే అన్నారు. అబద్ధమాడినవాడికి పదవి కుదరదని దాన్ని శ్రీకాంత్‌కి ఇచ్చారు.

సంతాప సెలవు మూడు రోజులూ మోహన్‌కుమార్‌కే వదిలేశారు.