డబ్బాకో పేరు

ఆ సోమవారం పొద్దున ఆత్మారాం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో ఉన్న రెండు క్రోటన్ మొక్కలను కిరసనాయిలు డబ్బాల్లో పెట్టి, రిక్షాలో ఆఫీసుకు తీసుకుపోవాలి. ఒకటి టేబులుకు ఎడమవైపు, ఒకటి కుడివైపు. అంతే.

కారణం ఒక వారపత్రిక. ఆఫీసు గదుల్లో పచ్చని మొక్కలుంటే గుమాస్తాల మెదడు చురుగ్గా పనిచేస్తుందనీ, ఫైలుకూ ఫైలుకూ మధ్య రెండు నిమిషాలు ఆకులకేసి చూస్తే తప్పులు సగానికి సగం తగ్గుతాయనీ ఏదో దేశంలో తేల్చారని అందులో రాశారు. ఆత్మారాం దాన్ని రెండుసార్లు చదివాడు.

బోధన్‌లో చెరకు రైతుల సంఘానికి ఆయన హెడ్ క్లర్కు. చేలు చూసొచ్చినవాళ్లు పండిన వరసలో ఇచ్చే పొలం రిపోర్టును బట్టి, ఎవరి చెరకు ఏ రోజు నరకాలో పర్మిట్ రాసేది ఆయనే. పర్మిట్ వేళకు వస్తే చెరకు బరువుతో, రసంతో ఫ్యాక్టరీ చేరుతుంది. ఆలస్యమైతే చేనులోనే ఎండి పుల్లవుతుంది. అలాంటి కుర్చీలో పదకొండేళ్లు కూర్చుని కూడా రైతు ఇప్పించిన చాయ్ తాగని మనిషని ఆయనకు పేరు. ఆ పేరే ఆయన ఆస్తి. దాన్ని గురించి నలుగురిలో తానే చెప్పుకోవడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం.

డబ్బాలు దించుతూ చప్రాసీ నర్సింలు అడిగాడు. "ఇవెందుకు సార్?"

"దిమాగ్ తేజ్ అయితది నర్సింలూ. నీకు సమజ్ గాదు తీ."

నర్సింలుకు సమజైనంత వరకు బయట బల్లమీద కూర్చున్న రైతులకు చెప్పాడు. "సార్‌కు మొక్కలంటే పానమే."

మర్నాడు ఎడపల్లి సాయన్న ఒక మల్లె మొక్కతో దిగాడు. ఆత్మారాం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సాయన్నా, నేనెవ్వల దగ్గర ఏం తీస్కోనని నీకు తెల్వదా?"

"తెల్వకేంది సార్? ఇచ్చుడు గాదు గిది. ఊకె సూస్కోనికి పెడుతున్న. సీజనైనంక మల్ల నేనే తీస్కపోత."

ఆత్మారాం ఆలోచించాడు. తిరిగి తీసుకుపోయేది లంచం ఎట్లా అవుతుంది? అయినా ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'సాయన్న, ఎడపల్లి' అని రాసి, పురికొసతో డబ్బాకు కట్టాడు. ఎవరి మొక్క వాళ్లకు పువ్వుతో సహా తిరిగి అప్పగించవచ్చు. ఈ ఏర్పాటు ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత వచ్చిన వాళ్లను కాదనడానికి కారణమే కనిపించలేదు.

గురువారానికి డబ్బాలు తొమ్మిదయ్యాయి. శనివారానికి ఇరవై మూడు. గులాబీ, బంతి, పుదీనా, ఒక బొప్పాయి, ఒక అరటి పిలక. గంగన్న అనే రైతు ఏకంగా చెరకు మొక్కనే డబ్బాలో పెట్టి తెచ్చాడు. "నా చేన్లదే సార్. పండిందా లేదా గిక్కడ్నే సూడుండ్రి" అన్నాడు.

అరటి ఆకు వెనక చిన్న గుమాస్తా రాజేశ్వర్ కనిపించకుండా పోయాడు. పిలిస్తే మాత్రం పలికేవాడు. నర్సింలు పొద్దున పది బిందెలు, సాయంత్రం పది బిందెలు మోసి, "నేను చప్రాసీనా మాలీనా సార్?" అని నిలదీశాడు. ఆత్మారాం మాత్రం ఇంత ఉత్సాహంగా ఎన్నడూ పనిచేయలేదు. ఒక పర్మిట్ రాయడం, రెండు నిమిషాలు ఆకులకేసి చూడడం, ఇంకో పర్మిట్ రాయడం. చెయ్యి ఎక్కడా ఆగడం లేదు. మెదడు నిజంగానే చురుకెక్కింది.

శనివారం మధ్యాహ్నం వెంకటవ్వ వచ్చింది. ఎడపల్లిలో రెండెకరాల చెరకు, పైన ఆకాశం తప్ప మరేమీ లేని ముసలామె.

"సారూ, నా పర్మిట్ ఏమాయె? చెరుకు పూత బట్టింది. ఇంకో వారమైతే పొయ్యిల పెట్టనీకె పనికొస్తది."

"వరుస ఉంటదవ్వా. వస్తది."

"వరుసల మూడోదాన్నని మొన్న చేను సూడొచ్చినాయన జెప్పిండు గద?" ఆమె గది చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నా దగ్గర మొక్క లేదు సారూ. గందుకేనా?"

ఆత్మారాం చెవులు ఎర్రబడ్డాయి. "మొక్కకూ పర్మిట్‌కూ సంబంధమే లేదు! పదకొండేండ్లాయె, నన్నెవ్వలు గీ మాట అనలె!" ఆయన అరుపుకు బయట బల్లమీది వాళ్లంతా లేచి నిలబడ్డారు.

వెంకటవ్వ బయటికి నడిచి, నిజామాబాద్ బస్సెక్కి, అక్కడ ఎవరి చేతో అర్జీ రాయించింది.

మంగళవారం పొద్దున తనిఖీ అధికారి జయరాజ్ వచ్చాడు. గుమ్మంలో అరటి ఆకు ఆయన టోపీని కింద పడేసింది.

"ఆత్మారాం సాబ్, ఆఫీస్ ఎక్కడున్నది?"

"గిదే సార్." ఆత్మారాం వారపత్రిక సంగతంతా విడమరచి చెప్పాడు. ఆనక గుండెలమీద చెయ్యేసుకున్నాడు. "ఇవన్నీ తిరిగి ఇచ్చేటియే సార్. ఒక్కొక్క దానికి పేరు రాసి కట్టిన. లంచం తినేటోడు ఎవ్వలిచ్చిండ్రో రాసి గోడకు పెట్టుకుంటడా?"

జయరాజ్‌కు ఆ మాట సబబుగానే తోచింది. "పర్మిట్ బుక్కు తీయుండ్రి మరి."

"సూడుండ్రి సార్. ఒక్క తప్పు దొరికినా నౌకరీ ఇడిసిపెడ్త!"

జయరాజ్ బుక్కు తెరిచి, ఆత్మారాం కుర్చీలోనే కూర్చున్నాడు. మొదటి పేరు చదివి తలెత్తాడు. రెండో పేరు చదివి తలెత్తాడు. ఆ తర్వాత బుక్కును బల్లమీద పెట్టి, ఎడమవైపు కిటికీ నుంచి మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న డబ్బాలనే వరసగా చదవసాగాడు.

"సాయన్న, ఎడపల్లి. గంగన్న. ముత్తన్న. గంగమణి. నాగవ్వ..." ఆగి అడిగాడు. "నేను సదివేది బుక్కునా, మొక్కలనా సాబ్?"

ఆత్మారాం ముఖంలో నవ్వు అయిదో పేరు దగ్గర ఆగిపోయింది. వంగి బుక్కు చూశాడు. తలెత్తి డబ్బాలు చూశాడు. వారం రోజులుగా రాసిన పర్మిట్లన్నీ అదే వరసలో, ఒక్క పేరు తప్పిపోకుండా ఉన్నాయి. రెండు నిమిషాలు ఆకులు చూసిన కళ్లు వాటి కింది అట్టముక్క కూడా చదివాయి. కళ్లు చదివిన పేరు చెయ్యి రాసింది.

"పొలం రిపోర్టు ఏది?" అన్నాడు జయరాజ్.

నర్సింలు పుదీనా డబ్బా ఎత్తాడు. దాని కింద ఉంది, తడిసి ముద్దయి. మూడో పేరు వెంకటవ్వది.

"సార్, దేవుని మీద ఒట్టు, నేను ఎవ్వల దగ్గర ఏం తినలె."

"నమ్ముతున్న. గదే కష్టం. తినేటోనికి ఎవ్వలకేం జేసిండో ఎర్కుంటది. మీకు గది గూడ తెల్వదు." జయరాజ్ టోపీ పెట్టుకుని లేచాడు. "రేపటికి సంజాయిషీ రాసియ్యుండ్రి."

ఏమని రాయాలి? లంచం తిన్నానని రాస్తే అబద్ధం. మొక్కలు చూస్తూ మతి పోగొట్టుకున్నానని రాస్తే నిజం, అది ఇంకా సిగ్గుచేటు. బయట రైతులు, లోపల అరటి ఆకు సందులోంచి రాజేశ్వర్, అందరూ తననే చూస్తున్నారు. ఆత్మారాం తల వంచుకుని వెంకటవ్వ పేర పర్మిట్ రాశాడు. దాన్ని నర్సింలు చేతికివ్వడానికి కూడా మొహం చెల్లలేదు. సైకిలు తీసుకుని తానే ఎడపల్లికి బయలుదేరాడు.

వెంకటవ్వ గట్టుమీదే ఉంది. చేనంతా పూత తెల్లగా ఊగుతోంది. ఆత్మారాం ఒక గడ విరిచి చూశాడు. లోపల బెండు. గడను గట్టుమీద పెట్టాడు. చుట్టూ చేరిన జనం ముందే పర్మిట్ ఆమె చేతిలో పెట్టి, చేతులు జోడించాడు.

"తప్పు నాదే అవ్వా. నీ వరుస నేనే తప్పించిన. నలుగుర్ల నీ మీద అరిసిన. మన్నించు."

"గట్లనకు సారూ. సగమన్న మిగిలె. నువ్వు ఏం తీస్కునేటోనివి గాదు, గది నాకెర్కే."

ఆ మాట విని ఆత్మారాం ఇంకాస్త కుంగిపోయి, సైకిలు ఎక్కడం కూడా మరిచి తోసుకుంటూ నడిచిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, సాయన్న వెంకటవ్వ పక్కన చేరాడు. "అవ్వా, పర్మిట్ చేను కాడికే తెచ్చి దండం గూడ పెట్టిపాయె. ఏమిచ్చినవే?"

"ఏమియ్యలె బిడ్డా."

"జెప్పరాదే, మేం ఎవ్వలకు జెప్పం."

ఆత్మారాం చేతికి మచ్చలేదని ఎడపల్లిలో ఒట్టేసి చెప్పే మనిషి వెంకటవ్వ ఒక్కతే. ఆ రోజు నుంచి ఆమె మాట ఊళ్లో ఎవరూ నమ్మడం లేదు.