జయానందం సారు ముందస్తు కృతజ్ఞత

జయానందం సారుకు నాలుక మీద పుండు లేచింది. అది కేన్సరేనని పట్నం డాక్టరు తేల్చేశాడు. నాలుక ఓ పక్క కోసెయ్యాలనీ, నెల దాటితే తన చేతుల్లో ఏమీ ఉండదనీ చెప్పాడు. సారు బుద్ధిగా తలూపి, బస్సెక్కి మెదక్ వచ్చి, ఆ నెలలో ఇరవై రోజులు ఏమీ చెయ్యకుండా గడిపేశాడు.

ఆయన మిషన్ బడిలో తెలుగు పంతులు. పద్యం ఎత్తుకున్నాడంటే పక్కింటి దర్జీ ఫక్రుద్దీన్ మిషను ఆపి వినేవాడు. దేవుడితో ప్రార్థనకైనా, భార్య ఎలిశిబాతో పోట్లాటకైనా ఆయనకున్న ఆయుధం ఆ నాలుకొక్కటే. కోయించుకోవడానికి మనసెట్లా వస్తుంది చెప్పండి?

ఈలోగా పరామర్శలు మొదలయ్యాయి. చర్చి వాళ్ళంతా వరసగా వచ్చి, పట్నం ఎప్పుడు పోతున్నావని అడిగేవాళ్ళే. సంఘపెద్ద పౌలు అయితే, శంకరంపేటలో తన బామ్మర్దికి అచ్చం ఇలాంటిదే లేచిందనీ, పాపం చాలా మంచివాడనీ చెప్పి, రెండు కప్పుల చాయ తాగి వెళ్ళాడు. ఎలిశిబా పొద్దున ట్రంకుపెట్టె సర్దేది. సాయంత్రం సారు దాన్ని విప్పేవాడు.

"నాలుక పోతే నీతోని కొట్లాడేదెట్లనే?" అన్నాడు ఒకరోజు.

"జర ఊకోండ్రి, జర ఊకోండ్రి అని ముప్పై ఏండ్ల సంది మొత్తుకుంటున్న. దేవుడు గిప్పుడు విన్నడు," అంది ఎలిశిబా బియ్యం ఏరుతూ. అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. సారుకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే ఉపాయం తట్టింది. చర్చి చుట్టుపక్కల ఇళ్ళలో ఒక పద్ధతుంది. బిడ్డ పుట్టినా, పరీక్ష పాసైనా, దవాఖాన నుంచి ప్రాణాలతో ఇల్లు చేరినా నలుగురినీ పిలిచి ఇంట్లో ప్రార్థన చేయించి కృతజ్ఞత కూడిక పెడతారు. కూడిక అయ్యిందంటే గండం గడిచినట్టే, ఇంక దాని ఊసు ఎవరూ ఎత్తరు. మరి ముందే పెట్టేస్తే? అబద్ధమాడే పని లేదు. నాలుగు పాటలు పాడించి, పులిహోర పెట్టి పంపిస్తే పట్నం మాట దానంతటదే అణిగిపోతుంది.

శుక్రవారం సాయంత్రం కూడిక అని పాస్టరయ్యగారికి చెప్పాడు. దేనికని ఆయన అడిగితే, దేవుడు చేసిన మేళ్ళు ఒకటా రెండా అని ఆకాశంలోకి చూశాడు. ఎలిశిబా వింటే ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాడు. ఆమె మాత్రం మంచిదేనని తనే ఇల్లిల్లూ తిరిగి పిలిచొచ్చింది. అప్పుడన్నా అనుమానం రావాల్సింది, రాలేదు.

గురువారానికల్లా సారుకు నయమైపోయిందని ఊరంతా పాకింది. హెడ్మాస్టరు సెలవు రద్దు చేసి, సోమవారం నుంచి ఎనిమిదో తరగతి తీసుకొమ్మని చీటీ పంపాడు. నిజాంపేట నుంచి ఒక మోకాళ్ళ నొప్పులాయన బండి కట్టించుకొచ్చి, నీ పుండుకు చేసిన ప్రార్థనే నాకూ చెయ్యమని అరుగు మీద కూర్చున్నాడు. ఎంత చెప్పినా కదలడే. చివరికి పుండు సలుపుతుండగానే సారు ఆ మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాల్సి వచ్చింది. జర తక్కువైందనీ, రేపు భార్యను కూడా తెస్తాననీ చెప్పి ఆయన బండెక్కాడు.

శుక్రవారం వాకిలి పట్టనంత జనం. చాపలు చాలకపోతే ఫక్రుద్దీన్ దుకాణంలోని జంపఖానా తెచ్చి పరిచాడు. పాటలయ్యాక సారు గొంతు సవరించుకుని లేవబోయాడు. దేవుడు తనకు చేసిన మేళ్ళు చెబుతూ, ఎక్కడా చిక్కకుండా మంచి సాక్ష్యం ఒకటి బట్టీపట్టి ఉంచుకున్నాడు. అయ్యగారు చెయ్యెత్తి ఆపి, ముందు ఇంటామె స్తుతి ప్రార్థన చేస్తుందన్నారు.

ఎలిశిబా లేచింది. అందరూ కళ్ళు మూసుకున్నారు, సారు కూడా. ప్రార్థనలో వాక్యం వాక్యానికీ ఆమేన్ అనడం ఆయనకు పసితనం నుంచీ ఊపిరంత అలవాటు. అందరికన్నా గట్టిగా అనడం ఇంకా అలవాటు.

పిల్లల్ని ఇచ్చినందుకు స్తోత్రమంది. ఆమేన్ అన్నాడు సారు. ఇన్నేళ్ళు ఈ మనిషి మాటలు తట్టుకునే చెవులిచ్చినందుకు స్తోత్రమంది. అదీ ఆమేనే.

"మా సారు సోమవారం పొద్దటి బస్సుకు పట్నం వొయ్యి ఆపరేషన్ చేయించుకుంటనని నీ ముందల ఒప్పుకున్నందుకు స్తోత్రం ప్రభువా."

"ఆమేన్," అన్నాడు సారు.

అన్నాక కళ్ళు తెరిచాడు. వాకిలంతా ఆయన్నే చూస్తోంది. దేవుడి ముందు, అయ్యగారి ముందు, ఫక్రుద్దీన్ ముందు తన నోటితో తనే అన్నాడు. అయ్యగారు సంతోషం పట్టలేక ఇంకో ఆమేన్ అన్నారు. పౌలు, ఒక్కడివే పోతే బాగుండదు, బస్సులో తోడొస్తానన్నాడు. పట్నం దాకా బామ్మర్ది కథ వినాలన్నమాట.

జనం వెళ్ళాక, గిన్నెలు కడుగుతున్న ఎలిశిబా దగ్గరికి సారు వచ్చి నిలబడ్డాడు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మోసం చేశావన్నాడు. అడ్డం పెట్టింది మీరే, నేను జర పక్కకు జరిపిన, అంతే అందామె.

"మాట రాకుంటే ఎట్లనే?" అన్నాడు. ఈసారి గొంతులో పోట్లాట లేదు.

ఆమె చెయ్యి ఆగింది. ఆ ట్రంకుపెట్టె సర్దిన ప్రతిసారీ తనకూ భయం వేస్తోందని చెప్పింది. చెవులిచ్చినందుకని ఇందాక చెప్పిన స్తోత్రం, ఇన్నాళ్ళు ఇద్దరం కలిసి ఇంతగా కొట్లాడుకోనిచ్చినందుకేనని, అది మాత్రం ఉత్త మాట కాదని కూడా చెప్పింది.

"మీరనేటియన్ని నాకు నోటికొచ్చు. మీరు కండ్లెర్రజేస్తే సాలు. మీ మాట నేనే అంట, జవాబు గూడ నేనే ఇస్త."

"గట్లయితే ఎప్పటికీ నువ్వే గెలుస్తవ్ గదా."

"మరి గిప్పుడెవలు గెలుస్తున్రు?"

సారు గుడ్డ తీసుకుని, ఆమె పక్కన కూర్చుని, కడిగిన గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు.