ఎక్స్‌రే అమ్మకు సన్మానం

ఆ ఉదయం ఎలాగైనా ఎక్స్‌రే అమ్మకు సన్మానం చేసి తీరాలని సర్కారు ఆసుపత్రి సూపరింటెండెంటుగారు నిశ్చయించుకున్నారు. ఎక్స్‌రే అమ్మ అంటే ఆ ఆసుపత్రిలో మిగిలిన ఒకే ఒక్క రేడియోగ్రాఫరు. తక్కినవాళ్లంతా ఒకరి వెనక ఒకరు ప్రైవేటు స్కానింగ్ సెంటర్లకు వెళ్లిపోయారు. కొత్తవాళ్ల కోసం ఎన్ని ప్రకటనలిచ్చినా ఈగ కూడా వాలలేదు. ఈవిడా వెళ్తే ఎక్స్‌రే గదికి తాళం పడుతుంది, సూపరింటెండెంటుగారి కుర్చీకి ఎసరొస్తుంది. ఆ సంగతి డైరెక్టరుగారు ఫోనులో చాలా మర్యాదగా చెప్పారు.

ఏడాదిగా ఆవిడ అడుగుతున్నది ఒక్కటే, తోడుగా ఇంకో మనిషి. సూపరింటెండెంటుగారు పెద్ద మనసు చేసుకుని పూలగుత్తి, జ్ఞాపిక, ఉపన్యాసం ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

"సార్, మీతో ఒక మాట చెప్పాలి" అంటూ పొద్దున్నే వచ్చిందావిడ.

"వేదిక మీద చెబుదురుగానమ్మా."

"బయట చేతులు విరిగినవాళ్లు, కాళ్లు విరిగినవాళ్లు ఉన్నారు సార్. నేనొచ్చి కూచుంటే ఎలా?"

"ఇదంతా మీ కోసమే కదా! మీరు రాకపోతే ఎలా?"

ఆవిడని హాల్లో వేదికెక్కించి ఎక్స్‌రే గదికి తాళం వేశారు. బయట జనం గోలపెడుతుంటే హెడ్ క్లర్కు బుర్ర పాదరసంలా పనిచేసింది. హాల్లో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి మరి! "ఎక్స్‌రే అమ్మ లోపలే ఉంది, రండి రండి" అన్నాడు. పాపం, అక్కడే ఎక్స్‌రే తీస్తారేమోనని వాళ్లు కుంటుకుంటూ వచ్చి ముందు వరుస కోసం తోసుకున్నారు. నిండిన హాలు చూసి, ముఖ్య అతిథిగా వచ్చిన డైరెక్టరుగారు, "సిబ్బంది మీద జనానికి ఎంత అభిమానమయ్యా!" అని మురిసిపోయారు.

అంతలో కరెంటు పోయి మైకు మూగబోయింది. ఆసుపత్రి మొత్తం మీద నమ్మదగ్గ కరెంటు ఎక్స్‌రే మిషనుకొక్కదానికే ఉంది. హెడ్ క్లర్కు తాళం తీసి, మిషను లైనుకే మైకు, ఫ్యాన్లు, లైట్లు, చివరికి టీ కెటిల్ కూడా తగిలించాడు. ఠప్పుమని పేలింది. హాలంతా చీకటి. ఉపన్యాసం ఆపడమంటే ప్రాణం పోయే సూపరింటెండెంటుగారు, "ఉద్యోగుల్ని నిలబెట్టుకోవడం మమ్మల్ని చూసి..." అంటూ ఓ అడుగు ముందుకేశారు. వేదిక అక్కడితో అయిపోయింది.

మణికట్టు విరిగింది.

"ఎక్స్‌రే తీయండి, త్వరగా!" అరిచారు డైరెక్టరుగారు.

"మిషను కాలిపోయింది సార్" అన్నాడు హెడ్ క్లర్కు, ఎవరో కాల్చినట్టు.

ఎక్స్‌రే అమ్మ పూలగుత్తిని కుర్చీలో పెట్టి లేచింది. "నాతో రండి సార్, స్కానింగ్ సెంటరుకి. నేనూ అక్కడికే. మధ్యాహ్నం నుంచి నా డ్యూటీ అక్కడే. పొద్దున అది చెబుదామనే వచ్చాను, మీరు చెప్పనిస్తేగా!"

సూపరింటెండెంటుగారికి కారొచ్చింది. ముందు వరుసలో కూచున్న విరిగిన కాళ్లవాళ్లకి కనీసం టీ కూడా రాలేదు.

స్కానింగ్ సెంటర్లో ఆవిడ ఆయన చేతిని బల్ల మీద సరిగ్గా పెట్టింది. పక్క గదిలో ఇంకో రేడియోగ్రాఫరు తన పని తాను చేసుకుంటోంది.

"మేం ఇవ్వనిది వీళ్లేమిచ్చారమ్మా?" అని మూలిగారాయన.

"ఇంకో మనిషిని ఇచ్చారు సార్."

"అంతేనా? ఆ ముక్క మాకు ముందే చెప్పొద్దూ!"

"ఊపిరి బిగబట్టండి" అందావిడ.

మణికట్టు ఎక్స్‌రేకి ఊపిరి బిగబట్టనక్కర్లేదని డాక్టరైన ఆయనకు బాగా తెలుసు, అయినా బిగబట్టారు.