మూతలో ఉండాల్సిన బ్యాటరీ

బల్ల మీద సీసామూతలో ఉండాల్సిన కొత్త బ్యాటరీ లేదు. బల్ల కింద కూర్చున్న ఏడాదిన్నర కొడుకు నోరు మాత్రం ఆడుతోంది.

వాచీ మెకానిక్ కుడికంటికి బిగించుకున్న భూతద్దం తీయడం కూడా మరిచిపోయి బల్ల కిందికి దూరాడు. నోరు తెరవమని బతిమాలాడు. బుజ్జిగాడు పెదాలు బిగించి, తండ్రి మొహం మీద మొలిచిన ఆ పెద్ద కన్ను వంక మురిపెంగా చూశాడు. చివరికి బుగ్గలు నొక్కి, వేలు పెట్టి వెతికితే బాగా నమిలిన రబ్బరు ముక్క ఒకటి బయటపడింది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు. బ్యాటరీ జాడ లేదు. రబ్బరుకే వెనకాడనివాడికి బ్యాటరీ ఒక లెక్కా అనుకున్నాడు మెకానిక్.

నిజానికి ఆ ఉదయానికి అతను చక్కటి పథకమే వేసుకున్నాడు. భార్య బేకరీలో పనిచేస్తుంది, తెల్లారకముందే వెళ్ళాలి. పెద్దదానికి జ్వరం, అత్తగారికి కాలు బెణుకు, బుజ్జిగాడికి కొత్తగా వచ్చిన నడక. ఈ మూడింటినీ చూసి ఆమె గుమ్మంలో తటపటాయించి, సెలవు పెట్టనా అని అడిగింది. అతను నవ్వాడు.

"చీమ తలకాయంత స్క్రూలు పట్టుకునే చేతులే ఇవి. ముగ్గురు మనుషుల్ని పట్టుకోలేవా? నువ్వెళ్ళు."

ఆమె వెళ్ళింది. అతను కూతురి నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. కొడుకుని అత్తగారి మంచం ముందు కూర్చోబెట్టి, కన్ను పక్కకి తిప్పొద్దని ఆవిడకి చెప్పాడు. కోర్టు గుమాస్తాకి ఆయన చేతిగడియారం పొద్దున్నే ఇస్తానని మాటిచ్చాడు కాబట్టి కిటికీ దగ్గర బల్ల ముందు పనిలో కూర్చున్నాడు. అతని పనికి ఒక పద్ధతి ఉంది. ఏ గడియారం సామాను ఆ గడియారానికి వేరుగా, ఒక్కో సీసామూతలో ఉండాలి. ఆ మూతలు ఇంకెవరూ ముట్టుకోకూడదు. తల తిప్పకుండా, చూపు మరల్చకుండా చెయ్యి చాపితే కావలసింది వేళ్ళకి దొరకాలి. తన చేతికి కళ్ళున్నాయని దుకాణాల వీధంతా చెప్పుకుంటుందని అతనికి కొంచెం గర్వం కూడా ఉంది.

అంతా గడియారంలాగే నడిచింది, బ్యాటరీ కోసం చెయ్యి చాపేదాకా.

మింగిన వస్తువుని బయటికి రప్పించాలంటే పిల్లల్ని తలకిందులుగా పట్టుకుని వీపు తట్టాలని ఎప్పుడో ఎవరో అన్నట్టు గుర్తు. కాళ్ళు పట్టుకుని కొడుకుని ఎత్తాడు. వాడు దాన్ని ఆటనుకుని కిలకిలా నవ్వాడు. రెండోసారి ఎత్తినప్పుడు తలుపు చెక్క అడ్డం వచ్చింది. టప్పుమని శబ్దం, వెంటనే ఇల్లెగిరిపోయేంత ఏడుపు, నుదుటి మీద ఎర్రటి బొప్పి. ఆ ఏడుపు విని అత్తగారు కాలి సంగతి మరిచి మంచం మీంచి దూకింది. అప్పటిదాకా బాగున్న రెండో పాదం కూడా మెలిక పడింది.

ఇక విచారణ మొదలైంది. మెకానిక్ నేరుగా కూతురి పక్కమీదికి వంగాడు. భూతద్దం ఇంకా కంటికే ఉంది. ఆ రబ్బరు ఎవరిచ్చారని అడిగాడు. దుప్పట్లోంచి రెండు కళ్ళు బయటికి వచ్చాయి.

"నేనే నాన్నా. ఏడుస్తుంటే ఇచ్చాను."

"మరి బ్యాటరీ?"

ఆ పిల్ల ఆలోచించబోయింది. తండ్రి పెద్ద కన్ను ఆలోచించుకోనివ్వడం లేదు.

"అదీ నేనే ఇచ్చానేమో నాన్నా."

"ఇచ్చావా, ఇచ్చావేమోనా?"

"నువ్వేదంటే అది."

అత్తగారిని అడగాల్సిన పని కూడా రాలేదు. నేల మీద కూర్చుని రెండు పాదాలూ పట్టుకుని ఆవిడ నేరం ఒప్పేసుకుంది. రెప్పపాటు కునుకు పట్టిందట, తప్పు తనదేనట. బేకరీకి ఫోన్ చేస్తే భార్య కూడా అంతే. పనిచేసుకునే గది తలుపుకి తనే గొళ్ళెం పెట్టలేదని, అంతా తనవల్లే జరిగిందని, ఇంటికి పరిగెత్తుకొచ్చి మూలమూలా వెతికి అటునుంచి ఆసుపత్రికి వస్తానని చెప్పింది. నేరస్థులు ఇంత త్వరగా దొరికిన కేసు ఏ పోలీసు స్టేషన్లోనూ ఉండదు. వచ్చిన చిక్కల్లా, నేరస్థులు ఎక్కువయ్యారు, బ్యాటరీ మాత్రం దొరకలేదు.

జ్వరంతో ఉన్న పిల్లని ఇంట్లో వదలలేడు. నడవలేని అత్తగారినీ వదలలేడు. చంకలో కొడుకు, భుజం మీద దుప్పటితో సహా కూతురు, వెనకాల గోడ పట్టుకుని గెంతుతున్న అత్తగారితో అతను మెట్లు దిగుతుంటే కోర్టు గుమాస్తా ఎదురుపడ్డాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో తోలుసంచి. తన వాచీ అయిందా అని అడగబోయాడు. సగం మాటలోనే అత్తగారి చెయ్యి ఆయన మెడ చుట్టూ పడింది. తర్వాత టాక్సీలో ముందు సీట్లో కూర్చున్నాకగాని ఆయనకి విషయం పూర్తిగా తెలియలేదు.

"అంటే," అన్నాడు గుమాస్తా వెనక్కి తిరిగి, "మీవాడి కడుపులో ఉన్నది నా బ్యాటరీ."

ఆసుపత్రిలో డాక్టరమ్మ బ్యాటరీ సంగతి విని గబగబా బుజ్జిగాణ్ణి బల్లమీద పడుకోబెట్టింది. గొంతు చూసింది, ఛాతీ విన్నది. ఆ తర్వాత ఆమె చూపు వాడి నుదుటి మీద ఆగింది.

"ఈ దెబ్బ ఎలా తగిలింది?"

"తలుపు తగిలిందండీ."

"పరిగెత్తాడా?"

"లేదండీ. తలకిందులుగా ఉన్నాడు."

"ఎవరు తలకిందులు చేశారు?"

"నేనేనండీ."

ఆమె అతని మొహం మీంచి చూపు తీసి, గుమ్మంలో గోడకి ఆనుకుని ఒక పాదం మార్చి ఒక పాదం మీద నిలబడిన అత్తగారిని, దుప్పట్లో దగ్గుతున్న కూతుర్ని, ఆ ముసలావిడ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయిన గుమాస్తాని వరసగా చూసింది. మొత్తం కుటుంబాన్ని ఇతనొక్కడే ఈ స్థితికి తెచ్చాడా అన్నట్టుంది ఆ చూపు. మెకానిక్ అప్పుడుగాని భూతద్దం తీసి జేబులో వేసుకోలేదు.

పెద్దవాళ్ళయితే ఇంత కంగారు ఉండదని ఆమె చెప్పింది. అంత చిన్న బ్యాటరీ అయితే ఎక్స్‌రే తీసి ఎక్కడుందో చూసుకుని, కడుపులోకి దిగిపోయి ఉంటే చాలావరకు దానంతట అదే బయటికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంటారు. ఇంత చిన్నపిల్లల సంగతి వేరు. గొంతులో ఇరుక్కుంటే లోపల కాల్చేస్తుంది, ఆలస్యం చెయ్యకూడదు. ఎక్స్‌రే అయ్యేదాకా పిల్లాడికి తిండి పెట్టొద్దు.

ఎక్స్‌రే గదిలో బుజ్జిగాడు తన్నుకున్నాడు. తీసిన ఫోటో మసకగా వచ్చింది. మళ్ళీ తీశారు. ఈసారి ఛాతీ రావాల్సిన చోట వాడి పాదం వచ్చింది. ఆకలి, బొప్పి నొప్పి, కొత్త మనుషులు, అన్నీ కలిసి వాడు బొంగురుపోయేదాకా ఏడ్చాడు. మూడో ప్రయత్నం కూడా పాడయ్యాక, ఇక కాస్త మత్తుమందు ఇచ్చి తీయాల్సిందేనని డాక్టరమ్మ తేల్చింది.

మత్తు అనే మాట వినగానే మెకానిక్‌కి భయం కోపమైంది. కోపానికి ఎదురుగా అత్తగారు కనిపించింది. వరండాలో పదిమంది రోగులు వింటున్నారన్న ఇంగితం కూడా లేకుండా అనేశాడు.

"మిమ్మల్ని చూడమన్నది పిల్లాణ్ణి అత్తయ్యగారూ. మీరు కలలు చూశారు. వాడికేమైనా అయితే, ఆ కునుకు ఖరీదు ఎవరు కడతారు?"

గుమాస్తా తలదించుకున్నాడు. కూతురు దుప్పటి తలమీదికి లాక్కుంది. అత్తగారు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నిజమే బాబూ. మా పెద్దాడికి ఫోన్ చెయ్యి. సాయంత్రం వచ్చి నన్ను తీసుకుపొమ్మను. నేనుంటే పిల్లలకి క్షేమం కాదు."

వద్దనాల్సిన మాట అతని నోటిదాకా వచ్చింది. అనకపోగా, జేబులోంచి ఫోన్ తీసి బావమరిది నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

లోపల డాక్టరమ్మ పక్కనుండగా నర్సు బుజ్జిగాడి చేతికి సూది గుచ్చడానికి నరం వెతుకుతోంది. పిల్లాణ్ణి కదలకుండా పట్టుకోమని తండ్రిని పిలిచారు. సరిగ్గా అప్పుడే భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టుకి పిండి అంటుకుని ఉంది. కొడుకు బొప్పి నిమిరి చూసింది. ఊపిరి అందాక గుప్పిట తెరిచింది. అందులో సీసామూత, మూతలో తెల్లటి చిన్న బిళ్ళ.

"ఏవండీ, ఇల్లంతా చీపురేసి గాలించాను. బ్యాటరీ లేదు. మీ బల్ల మీద ఇదొక్కటే కనబడింది. పొద్దున బీపీ మాత్ర వేసుకోలేదా మీరు?"

"వేసుకున్నానే," అన్నాడతను.

అని, ఆ మూత వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

మాత్ర వేసుకోవడం అతనికెప్పుడూ గుర్తుండదు. అందుకే భార్య అతని పద్ధతే నేర్చుకుంది. బేకరీకి వెళ్ళేముందు రోజూ మాత్రని ఒక సీసామూతలో వేసి, నీళ్ళ గ్లాసు పక్కన, అతని ఎడమచేతికి అందేలా పెట్టి వెళ్తుంది. అతను కంటికున్న భూతద్దం తీయడు, గడియారం మీంచి చూపు తిప్పడు. ఎడమచెయ్యి చాపుతాడు, మూతలోది నోట్లో వేసుకుంటాడు, నీళ్ళు తాగుతాడు, పని సాగిస్తాడు. ఇవాళ కూడా అలాగే చేశాడు. కాకపోతే ఇవాళ గ్లాసు పక్కన మూతలు రెండున్నాయి. రెండోది అతనే పెట్టుకున్నాడు. మాత్ర ఉన్న మూత ఇప్పుడు భార్య చేతిలో ఉంది. ఖాళీ అయినది రెండోది.

మెకానిక్ మొహం చెవులదాకా ఎర్రబడింది. పొట్ట మీదికి చెయ్యి దానంతట అదే పోయింది. ఎవరైనా చూస్తారేమోనని వెంటనే తీసేశాడు.

పెద్దవాళ్ళకి దానంతట అదే దిగిపోతుందని డాక్టరమ్మే చెప్పింది. మాట్లాడకుండా ఊరుకుంటే ఈ సంగతి మూడోకంటికి తెలియదు. మత్తిచ్చి ఫోటో తీస్తారు, పిల్లాడి కడుపులో ఏమీ లేదంటారు, దేవుడి దయ అనుకుని అందరూ ఇంటికి పోతారు. బ్యాటరీ ఏ కన్నంలోకో దొర్లిపోయి ఉంటుందని తనే అనొచ్చు. నేరం ఒప్పుకున్నవాళ్ళు ఇప్పటికే ముగ్గురున్నారు, నాలుగోవాడి అవసరం ఎవరికీ లేదు. ఆలోచన ఇక్కడిదాకా బాగానే సాగింది. తను ఎలాంటి మనిషో తనకే తెలుస్తున్నంత బాగా సాగింది.

నర్సు ఆ బుల్లి చేతికి పట్టీ బిగించింది. బుజ్జిగాడు ఏడుస్తూనే మొహం తిప్పి తండ్రిని చూశాడు. పొద్దున్న తనని తలుపుకేసి కొట్టిన మనిషన్న లెక్క వాడికి లేదు. ఎత్తుకోమని రెండో చెయ్యి చాపాడు.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. పక్కన కూతురు, వెనకాల గుమాస్తా, ఆ వెనకాల ఇందాక వరండాలో అతని కేకలు విన్న రోగులు. మెకానిక్ నర్సు చేతిలోని సూదిని మెల్లగా పక్కకి జరిపాడు. తల ఎత్తలేదు. నేలనే చూస్తూ మాట్లాడాడు.

"ఆగండి డాక్టరమ్మా, వాడి చెయ్యి వదిలెయ్యండి. వాడేమీ మింగలేదు. మింగింది నేను. పెద్దదానా, నువ్వేమీ ఇవ్వలేదే తల్లీ. అత్తయ్యగారూ, మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు, మీరు కునుకు తీసినందువల్ల ఏమీ జరగలేదు. నేను మేలుకుని ఉండే మింగాను. గుమాస్తాగారూ, మీ బ్యాటరీ నా దగ్గర భద్రంగానే ఉంది. పొద్దున్నే నాకు అనుమానం రావాల్సింది. ఇవాళ మాత్ర చేదుగా లేదే అనుకున్నాను కూడా. మందులు చేసేవాళ్ళు ఇన్నాళ్ళకి బాగుపడ్డారని సంతోషించాను."