పూర్వ మాతల రగూ

"రగూలో పాలు పోయుట మన నాగరికతపై జరిగిన దాడిగా పరిగణించబడును."

ఈ వాక్యం రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని, ఇటలీలో బొలోన్యా దగ్గరి మా ఊళ్లో రగూ పరిరక్షణ సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. ముప్పై ఏళ్లుగా బళ్లో పిల్లలకు వ్యాకరణం చెబుతున్నాను. తప్పు లేని వాక్యంలో ఎంత తప్పు ఇరికించవచ్చో సంఘంలో చేరాకే తెలిసింది.

మావాళ్లు పార్టీలు మారారు, కొందరు దేవుణ్ణీ మార్చారు. అమ్మ చేసే రగూని మాత్రం ఎవరూ మార్చుకోలేదు. మాంసం సన్నటి మంట మీద నాలుగు గంటలు ఉడికించి, నాడాల్లా కోసిన తాల్యాతెల్లె పాస్తాలో కలపడం వరకూ అందరిదీ ఒకటే. ఆ తర్వాత ఇంటికొక పద్ధతి, ప్రతి ఇంటిదీ ఏకైక అసలు పద్ధతి. ఈ అరాచకాన్ని ఆపాలని సంఘం ఒకే ఒక రగూని నోటరీ దగ్గర నమోదు చేయించ తలపెట్టింది. అధ్యక్షుడు ఒలిందో జాంబెల్లి తల్లి చేసే రగూ ఏకగ్రీవంగా ఎంపికైంది. కొడుకు అధ్యక్షుడు కనక ఇంకెవరి అమ్మా పోటీకి రాలేదు.

ఇకమీదట వేరే రకంగా వండేవాళ్లు రగూ అనే మాట బోర్డు మీద రాయకూడదు. ఊళ్లో ఉన్నది ఒకటే భోజనశాల, నడిపేది నా మరదలు దిర్చే. దాని బోర్డు మీద "ఎర్సీలియా రగూ" అని ఉండేది. ఎర్సీలియా నా భార్య. చివర్లో గ్లాసెడు పాలు పోసేది. ఫిబ్రవరిలో పోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

"ఆ పేరొక్కటి ఉండనివ్వండి," అని ఒలిందోని అడిగాను.

"మాస్టారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ పాలు పాలే. మా అమ్మే పోసి ఉంటే నేను కాదనేవాణ్ణా?"

నమోదు రోజు పొద్దున్నే బోర్డు దగ్గరికి వెళ్లాను.

"నువ్వు తుడుస్తావా బావా, నన్ను తుడవమంటావా?" అంది దిర్చే.

"నేనే తుడుస్తాను. నా ఉద్యోగం అదేగా."

పేరు పోయింది. ధర మిగిలింది.

పురపాలక భవనంలో సభ. ఒలిందో తల్లి ఆర్జియాకి తొంభై ఒకటి. ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టారు. సంతకాలకు ముందు నోటరీ పత్రమంతా పైకి చదవాలని మా చట్టం. ఆయన చదివాడు.

"ఎద్దు మాంసం, పంది మాంసం, ఉల్లి, క్యారెట్, వైన్. పాలు నిషిద్ధం. ఇది తన వంటింటి పద్ధతేనని శ్రీమతి ఆర్జియా ధ్రువీకరిస్తున్నారు."

"ఎవరు?" అంది ఆర్జియా.

"నువ్వేనమ్మా. సంతకం పెట్టు," అన్నాడు ఒలిందో.

"పాలు పోయకుండా ఎలా రా? ఆ వైన్ పులుపు నువ్వు తినేవాడివా? నీకోసమే కదా గ్లాసెడు పోసేదాన్ని."

ఒలిందో నోటరీ వైపు తిరిగాడు. "అమ్మకి వయసు మీద పడింది."

"పడింది మోకాళ్ల మీద. నాలుక మీద కాదు."

చాలా రోజుల తర్వాత నాకు కొంచెం ఆశ కలిగింది.

నోటరీ కళ్లద్దాలు తీశాడు. "రెండే దారులు. పాలైనా చేర్చాలి, ఈవిడ పేరైనా తీసెయ్యాలి."

సంఘం రెండు నిమిషాలు ఆలోచించి తల్లిని తీసేసింది. ఆవిడ స్థానంలో ఒలిందో నాకు చెప్పి రాయించాడు: "స్వర్గస్థులైన మన పూర్వ మాతల పద్ధతి."

"వాళ్లెవరు?" అన్నాను.

"అదే వాళ్లతో సుఖం మాస్టారూ. ఎవరూ లేచొచ్చి కాదనరు."

"మా ఇంట్లోంచి ఒకావిడ ఈమధ్యే వాళ్లలో చేరింది. ఆవిడ కాదనేది."

ఒలిందో తల దించుకున్నాడు. అందరి సమ్మతితో సంతాపవాక్యం ఒకటి చేర్పించాడు. పాలు చేర్చనివ్వలేదు.

చప్పట్లయ్యాక భోజనానికి దిర్చే దగ్గరికే వెళ్లాం. అధికారిక రగూని అప్పటిదాకా ఎవరూ వండి చూడలేదు.

ఆర్జియా తినడం ముగించి దిర్చేని పిలిచింది. "బాగుందమ్మాయ్. దీన్నేమంటారు?"

"నిన్నటిదాకా మా అక్క పేరుండేది మామ్మా. ఇవాళ్టి నుంచి పేరు లేదు."

ముసలావిడ కొడుకు పళ్లెం వైపు చూసింది.

"పేరు లేనిదాన్ని మూడోసారి వడ్డించుకున్నావురా ఒలిందో."

అధ్యక్షుడు రొట్టెముక్కతో పళ్లెం అంచులు తుడుచుకుంటున్నాడు.