తెలియని ప్రశ్నల విభాగం

జవాబు తెలియని మనిషంటూ ఈ భూమ్మీద లేడనీ, ప్రశ్నలే అప్పుడప్పుడూ దారి తప్పి వస్తుంటాయనీ ఆదోనిలోని ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటరు ఏనాడో తేల్చేసింది. అలా దారి తప్పినవాటికి మర్యాద చేసి పంపడానికి అక్కడ ‘తెలియని ప్రశ్నల విభాగం’ నడుస్తోంది. దాని అధిపతి దేవేంద్రప్ప సారు. (ఆయన ఇంగ్లిష్ మాట్లాడగా విన్నవారు లేరు. అధిపతులు మాట్లాడరు, మాట్లాడిస్తారు.)

ఎమ్మిగనూరు నర్సు శిరీష ఆ విభాగంలో చేరింది. విదేశంలో ఉద్యోగానికి అక్కడి ఆసుపత్రివాళ్లు పెట్టే ఇంగ్లిష్ మాటల పరీక్ష ఒక్కటే మిగిలింది.

“నువ్వు గట్టెక్కితే నేనింగ పత్తి ఏరేకి పోనమ్మీ. నడుము పడిపోతాంది,” అంది తల్లి హులిగమ్మ. ఆ మాట విన్న శిరీష ఎలాగైనా నెగ్గాలనుకుంది.

“తెలిసినదానికి తెలిసినట్ల సెప్పల్ల. తెలీనిదానికి ఇంగా బాగా తెలిసినట్ల సెప్పల్ల,” అన్నాడు దేవేంద్రప్ప. “ముందు ‘దటీజ్ ఎ వెరీ ఇంటరెస్టింగ్ క్వశ్చన్’ అనల్ల. ఆమీట సమాజంలో రెండభిప్రాయాలుండాయనల్ల.”

“మూడోది యాదన్నా ఉందా అని అడిగితే సార్?”

“అడిగేవాళ్లకి అంత తీరిక యాడుంటాది పాపా.”

పరీక్ష రోజు కంప్యూటరు తెరమీద ఒక దొరసాని ప్రత్యక్షమై, తన మాట వినిపిస్తోందా అని అడిగింది. ఇది సిలబస్‌లో లేదు. శిరీష చెదరలేదు. ఇది చాలా ఆసక్తికరమైన ప్రశ్న అని ఇంగ్లిష్‌లో ఎత్తుకుని, సమాజంలో కొందరు వినిపిస్తుందనీ కొందరు వినిపించదనీ అంటారనీ, యువత రెంటినీ గౌరవించాలనీ ముగించింది. దొరసాని మొహం చాటంత అయింది. (పొద్దుటినుంచి ఆమెకు ‘యెస్ మేడమ్’ తప్ప వేరేది తగల్లేదు.)

ఆ ఊపులో ఆమె తిమింగలాలకు పదవీ విరమణ ఉండాలా అని అడిగింది. శిరీష అటువైపు కొందర్నీ ఇటువైపు కొందర్నీ నిలబెట్టి, తిమింగలాలకు నమస్కారం పెట్టి వచ్చేసింది. గొడుగులకు ఆత్మాభిమానం ఉంటుందా అంటే దాన్నీ అంతే ఒడుపుగా సాగనంపింది. ఇక శిరీషను ఆపేవారు లేరు.

చివరికి దొరసాని ముచ్చటపడి, నువ్వు ఎంత దూరం వెళ్లాలనుకుంటున్నావు అని అడిగింది.

శిరీషకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇది తెలిసిన ప్రశ్న! వాళ్లింట్లో గడప దాటేవాళ్లను ‘యాడికి’ అనరు, పోయే పని చెడుతుందని. ‘దూరమా?’ అంటారు. బెంగళూరుకు పోతున్నా, దగ్గర్లోని ఉరుకుంద జాతరకు పోతున్నా దానికి జవాబు ఒకటే, ‘ఈడికే’. అంతకు మించి చెబితే దిష్టి తగులుతుంది.

“జస్ట్ హియర్ ఓన్లీ, మేడమ్,” అంది నిండుగా నవ్వుతూ.

వారం తిరక్కుండా ఫలితం వచ్చింది. భాష అమోఘమనీ, అభ్యర్థికి దూరం వెళ్లే ఉద్దేశం లేనందున ఆమె అభీష్టాన్ని గౌరవించి ఎంపిక చేయలేదనీ అందులో ఉంది. మర్నాడు హులిగమ్మ పత్తి ఏరే ఒడి కట్టుకుని కూలీల ఆటో ఎక్కింది. శిరీష వెక్కివెక్కి ఏడ్చింది.

“నేను నేర్పిన వాట్లో ఒగటన్నా తప్పు పోయిందా, సెప్పు?” అన్నాడు దేవేంద్రప్ప.

పోలేదు. లోపం ఎక్కడుందో గుర్తించిన సెంటరు వెంటనే ‘తెలిసిన ప్రశ్నల విభాగం’ కూడా తెరిచింది. మొదటి అడ్మిషను శిరీషదే.