మితమైన ఆయాసం

పిల్లలు కావాలనుకునే ఏ జంటా ఇక మీదట అతిగా పరుగెత్తదనీ, అలాగని కదలకుండా కూర్చోదనీ, ప్రభుత్వం నిర్ణయించినంత ఆయాసం మాత్రమే పడుతుందనీ కుటుంబ వికాస శాఖ మంత్రిగారు స్టేడియంలో ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి. కొట్టినవాళ్లలో సగం మంది ముసలివాళ్లు, తక్కినవాళ్లు బడిపిల్లలు. పథకానికి కావలసినవాళ్లంతా, ఒక్కడు తప్ప, ఆ వేళకి ఉద్యోగాల్లో ఉన్నారు.

మంత్రిగారి దూరదృష్టిని మెచ్చుకోవాలి. పిల్లలు తగ్గితే జనం తగ్గుతారు, జనం తగ్గితే సీట్లు తగ్గుతాయి, తగ్గే సీట్లలో మొదటిది తనదేనని ఆయన అందరికన్నా ముందు కనిపెట్టారు.

బూట్ల షావుకారు మూడో వరసలో కూర్చుని విన్నాడు. నడిచేవాళ్లు పెరిగితే బూట్లు అరుగుతాయని మనసు గెంతేసింది. అంతలోనే ఇంటి సంగతి గుర్తొచ్చి చతికిలబడింది. పెళ్లయి ఏడేళ్లు. కొట్లో పసిపిల్లల బూట్ల అర సర్దే రోజున అతను భార్యని సాయం పిలవడు.

నిజానికి పథకం పుట్టింది అతని ఇంటి సంగతిలోంచే. భార్య బడిలో ఆటల టీచరు. వెనక ఎవరో తరుముతున్నట్టు రోజూ పొద్దున్నే పరుగెత్తేది. షావుకారు మేడ మెట్లెక్కితే మధ్యలో ఓ మజిలీ చేసేవాడు. గవర్నమెంటాస్పత్రి డాక్టరమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"నీ ఒంట్లో కండే గానీ కొవ్వెక్కడుందమ్మా? రోజూ ఇంత గట్టిగా పరుగెడితే నెల తప్పడానికి ఒంటికి తీరికుండొద్దూ? మానెయ్యమనను, తగ్గించు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత చాలు." తర్వాత షావుకారు వైపు తిరిగి, "మీరు మొదలుపెట్టండి" అంది.

అదే మాట డాక్టరమ్మ ఓ సభలో చెప్పింది. ఆ సభకి మంత్రిగారు అధ్యక్షులు. ఆయన చెవిన పడ్డ మాట పథకం కాకుండా ఊరుకోదు.

బూట్ల శాంపిళ్లు పట్టుకుని షావుకారు మంత్రిగారి గదికి వెళ్లేసరికి చర్చ జోరుగా సాగుతోంది.

"ఆయాసం కొలవడానికి మిషన్లు తెప్పించమంటారా సార్?" అన్నాడు సెక్రటరీ.

"మిషన్లెందుకయ్యా? మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. డాక్టరమ్మ చెప్పిందిగా."

"ఏం మాట్లాడించమంటారు సార్?"

మంత్రిగారు కళ్లు దించుకున్నారు. "నా గురించి నేను చెప్పుకుంటే ఏం బాగుంటుంది?"

సాయంత్రానికల్లా మంత్రిగారు సాధించిన ప్రగతి మీద ఒక వాక్యం తయారైంది. ఫుల్‌స్టాప్ పెడితే ప్రగతి ఆగినట్టుంటుందని ఎక్కడా పెట్టలేదు. దాన్ని నడుస్తూ పూర్తిగా చెప్పగలిగి, పాడలేకపోయినవాళ్లు పాస్. పాసైతే డాక్టరమ్మని కలిసే టోకెన్. లేకపోతే ఆస్పత్రి గేటు దగ్గరే నమస్కారం. పరీక్ష పెట్టడానికి, ఎన్నికల్లో మైకు పట్టుకుని తిరిగిన కార్యకర్తకి ఓ ఈల ఇచ్చి శ్వాస ఇన్‌స్పెక్టర్ని చేశారు.

పార్కులో షావుకారు భార్య వంతు వచ్చింది. ఆవిడ చేతులు ఊపుకుంటూ నడిచింది. ఇన్‌స్పెక్టర్ పక్కన పరుగెత్తాడు. ఆవిడ వాక్యమంతా చెప్పేసింది.

"ఇప్పుడు... పాడు చెల్లెమ్మా!"

సంగతులు వేసి మరీ పాడింది.

"ఫెయిల్!" అని ఇన్‌స్పెక్టర్ గడ్డి మీద కూలబడ్డాడు.

"అయ్యో, మీకు ఆయాసం వచ్చేసిందన్నయ్యా."

"నాకొస్తే ఏం లాభం? నీకు రావాలి."

"నాకు రావాలంటే పరుగెత్తాలి. పరుగు తగ్గించమనేగా డాక్టరమ్మ చెప్పింది?"

"ఆ డాక్టరమ్మని కలవాలంటే పాసవ్వాలిగా!"

తర్వాత షావుకారు. మొదటి మాట 'మంత్రిగారి' దగ్గరే వాక్యం తెగిపోయింది.

"ఫెయిల్. ఆయాసం తీవ్రత మరీ ఎక్కువ."

"నేనింకా నడవడం మొదలుపెట్టలేదండీ" అన్నాడు షావుకారు.

ఊళ్లో ఆయాసం ట్యూషన్లు వెలిశాయి. రిటైరైన నాటకాలాయన ఒకరు రొప్పడం నేర్పేవారు. రొప్పినవాళ్లు వాక్యం పూర్తి చేయలేకపోయారు, పూర్తి చేసినవాళ్లు ఊపు ఆపుకోలేక పాడేశారు. షావుకారు భార్య కూడా ఓ రోజు వెళ్లింది గానీ, "నవ్వాగడం లేదండీ" అంటూ తిరిగొచ్చేసింది.

షావుకారు బేరం తేల్చాడు. "నీ దగ్గర దమ్ము మిగిలిపోతోంది, నా దగ్గర కొరత. కలిపి పంచుకుందాం. ఆ పరీక్ష మనకొద్దు."

ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ కలిసి నడిచారు. ఆవిడ అడుగుకి అతను అందుకోలేడు, అతని అడుగుకి ఆవిడకి నిద్రొస్తుంది. మధ్యలో ఓ నడక కుదిరింది. మొదట్లో ఆవిడ కబుర్లు చెబితే అతను 'ఊ' కొట్టేవాడు. వానలు వెళ్లేసరికి అతనూ కబుర్లు మొదలుపెట్టాడు. పొద్దుటి పరుగుని ఆవిడ ఆదివారానికి కుదించింది.

చలి ముదిరాక ఓ పొద్దున ఆవిడ కొట్టుకొచ్చి, ఎవరూ పిలవకుండానే పసిపిల్లల అర సర్దడం మొదలుపెట్టింది. షావుకారు నోరు తెరుచుకుని చూస్తే, "అలా చూస్తారేం? నెల తప్పింది" అంది. ఆ రోజు అతను ముగ్గురికి రెండు కాళ్లకీ ఎడమ బూట్లే అమ్మాడు. కొన్నవాళ్లు కూడా అతని మొహం చూసి నవ్వుకుంటూ వెళ్లారు.

రెండో నెలలో ఆవిడకి పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ఏడేళ్ల తర్వాత చిక్కిన అదృష్టం జారిపోతుందేమోనని ఇద్దరూ హడలిపోయారు. ఆస్పత్రికి పరుగున పోతే గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ అడ్డం నిలబడ్డాడు.

"ఫెయిలైనవాళ్లకి కడుపెలా వచ్చింది? ఇది రూల్స్‌కి విరుద్ధం షావుకారు గారూ!" అని తిన్నగా మంత్రిగారి దగ్గరికి లాక్కుపోయాడు.

మంత్రిగారు ఎగిరి గంతేశారు. వచ్చే వారమే పథకం వార్షికోత్సవం. పథకానికి ఇంతవరకూ పిల్ల లేదు, పిల్లాడూ లేడు.

"శుభం! వచ్చే వారానికి పుడుతుందా?"

"సరుకు చేతికి రావడానికి ఇంకా ఏడు నెలలు పడుతుంది సార్" అన్నాడు షావుకారు.

"నడక తీవ్రత పెంచితే?"

సెక్రటరీ మంచి సూచన అన్నట్టు తల పంకించాడు.

"సర్లే, బిడ్డ సంగతి మేం చూసుకుంటాం. మీరిద్దరూ అమ్మానాన్నల్లా స్టేజి మీద నిలబడండి. టోకెన్ ఇప్పిస్తాను."

"ముందు టోకెన్ సార్, తర్వాత స్టేజి. మా కొట్లో అరువు లేదు."

డాక్టరమ్మ గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. "రండి రండి. ఏడాదై ఎవరూ రావడం లేదేమిటా అనుకుంటున్నాను" అంటూ పరీక్ష చేసి తెర చూపించింది. అందులో ఓ చుక్క మిణుకు మిణుకుమంటోంది.

"బిడ్డ బాగుంది. ఈ నొప్పికి భయం లేదు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ నడవండి."

షావుకారు తెర మీదికి వంగాడు. "గుండె అంత వేగంగా కొట్టుకుంటోందేమిటండీ? ఆయాసమా?"

"కాదు. దాని మామూలు నడకే అంత."

భార్య నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇచ్చిన మాట ప్రకారం ఇద్దరూ స్టేజి ఎక్కారు. కింద పేపర్లవాళ్లు, కెమెరాలు, ఇసకేస్తే రాలని జనం. పథకంలో పుట్టిన తొలి బిడ్డని దీవించడానికి మంత్రిగారు చేతులు చాచి నిలబడ్డారు. తెర తొలగింది. ఇన్‌స్పెక్టర్ వేలు పట్టుకుని తొలి బిడ్డ నడుచుకుంటూ వచ్చాడు. భుజానికి పుస్తకాల సంచీ ఉంది.

"గుడ్ మార్నింగ్ టీచర్!" అన్నాడు తల్లిని చూసి.

"గుడ్ మార్నింగ్. చొక్కా గుండీ పెట్టుకో" అంది తల్లి.

మంత్రిగారు చాచిన చేతులు చాచినట్టే కిందికి వంగారు. "ఎన్నేళ్లు బాబూ నీకు?"

"ఐదు. తొందరగా పంపించండి, బళ్లో పరీక్షుంది."

మంత్రిగారు నిటారుగా లేచి మైకు అందుకున్నారు.

"పథకం పెట్టి ఏడాది. బిడ్డకి ఐదేళ్లు. అభివృద్ధి అంటే ఇంకేం కావాలి?"